ఫొటోకి రూపాయిన్నర గిట్టుబాటవుతుందా?

ప్రశ్న: ఆరేళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఆల్బమ్ డిజైనింగ్ స్టూడియోలో జీతానికి చేస్తున్నాను. కలర్ కరెక్షన్, స్కిన్ రీటచ్, షీట్ డిజైనింగ్ మూడూ వచ్చు. ఇద్దరు క్యాండిడ్ ఫొటోగ్రాఫర్లు ‘సొంతంగా పెట్టుకో అన్నా, మా పెళ్లిళ్లన్నీ నీకే ఇస్తాం, ఫొటోకి రూపాయిన్నర’ అంటున్నారు. చేతిలో మూడు లక్షలున్నాయి. ఇంటి దగ్గర ఒక షట్టర్ అద్దెకు చూసిపెట్టాను. ఆ రేటు సరిపోతుందా? పెళ్లికి 150, 200 జీబీ డేటా ఎలా తెచ్చుకోవాలి? కరెక్షన్లకు అంతుండదని భయంగా ఉంది. ఆ ఇద్దరిలో ఒకతను వాట్సాప్‌లో పది ఫొటోలు పంపి శాంపిల్ చేసి చూపించమన్నాడు. చేయమంటారా?
– ఒక పాఠకుడు, మలక్‌పేట

సమాధానం: ముందు రేటు సంగతి తేల్చుకుందాం. రూపాయిన్నర ఎక్కువా తక్కువా అని పక్క స్టూడియోని అడిగితే తేలదు. మీ గంట ఖరీదెంతో మీరే లెక్కేసుకోవాలి. మీ జీతం కింద నెలకు 25,000 పెట్టుకోండి. కరెంటు, నెట్, సాఫ్ట్‌వేర్, హార్డ్ డిస్కులు, మెషిన్ అరుగుదల కలిపి ఇంకో 15,000. మొత్తం 40,000. నెలకు 26 రోజులు, రోజుకు నికరంగా ఆరు గంటల పని అనుకుంటే 156 గంటలు. ఎనిమిది గంటలు కూర్చున్నా ఫోన్లకు, కాపీలకు రెండు గంటలు పోతాయి కాబట్టి ఆరే వేశాం. అంటే గంటకు సుమారు 256 రూపాయలు.

ఇక ఒక పెళ్లి తీసుకోండి. ఆరు వేల రా ఫైల్స్ (కెమెరా కుదించకుండా ఇచ్చే అసలు ఫైళ్లు) వచ్చాయి, వాటిలో వెయ్యి ఫైనల్. డేటా ఎక్కించి లెక్క సరిచూడ్డానికి అరగంట. ఫొటోకి రెండు సెకన్ల చొప్పున ఆరు వేలు సెలెక్షన్ చేస్తే, అంటే మంచివి ఏరితే, మూడు గంటల ఇరవై నిమిషాలు. వెయ్యి ఫొటోల కలర్, ఒక్కోదానికి పది సెకన్లు వేసుకున్నా, రెండు ముప్పావు గంటలు. మళ్లీ మొదట్నుంచి చూసుకోవడం గంట, ఎక్స్‌పోర్ట్ చేసి పంపడం అరగంట, కరెక్షన్లు గంట. అంతా కలిపి తొమ్మిది గంటల పైమాటే. ఫొటోకి మీకు పడే ఖర్చు 2 రూపాయల 34 పైసలు. సెలెక్షన్ ఫొటోగ్రాఫరే చేసి ఇస్తే ఐదు ముప్పావు గంటల్లో తెములుతుంది, అప్పుడు 1 రూపాయి 48 పైసలు. అంటే సెలెక్షన్ వాళ్లదే అయితే రూపాయిన్నరకి మీ జీతం మీకు వస్తుంది, లాభం రెండు పైసలు. సెలెక్షన్ కూడా మీదే అయితే ఫొటోకి 84 పైసలు మీరే ఎదురిస్తున్నట్టు.

ఈ లెక్క కూడా ఏడాది పొడుగునా పని ఉంటేనే. మన దగ్గర ఆషాఢం, భాద్రపదం, పుష్యం వస్తే పెళ్లి పని పడుకుంటుంది. పైన మూఢాలు. ఏడాదికి నాలుగు నెలలు ఖాళీ అనుకుంటే, పన్నెండు నెలల ఖర్చుని ఎనిమిది నెలల ఫొటోలు మోయాలి. అప్పుడు ఆ 1.48 కాస్తా 2.22 అవుతుంది, 2.34 అయితే మూడున్నర. వాళ్లతో మాట్లాడేటప్పుడు ఈ రెండు అంకెలూ మీ మనసులో ఉండాలి. సెకన్లు మా ఊహ. మీ సొంత వేగాన్ని ఒక పూర్తి పెళ్లి మీద గడియారం పెట్టి కొలిచి, ఇదే లెక్క మళ్లీ వేయండి. ఉత్సాహంగా ఉన్నప్పుడు చేసిన మొదటి వంద ఫొటోల వేగం మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు.

రేటు చెప్పేటప్పుడు ‘ఎడిటింగ్’ అన్న ఒక్క మాట కింద అన్నీ కట్టేయకండి. సెలెక్షన్‌కు వచ్చిన ఫైళ్ల మీద, కలర్‌కు ఇచ్చిన ఫొటోల మీద, రీటచ్‌కు ఫొటోకి ఇంతని, ఆల్బమ్‌కు షీటుకి ఇంతని విడివిడిగా పెట్టండి. ఆరు వేలకు బదులు పదకొండు వేలు తీసి తెచ్చే ఫొటోగ్రాఫర్ ఉంటాడు. ఫైనల్ మీద మాత్రమే రేటు కుదుర్చుకుంటే ఆ అదనపు ఐదు వేలు చూసే కష్టం మీకు ఊరికే పోతుంది.

షట్టర్ వద్దు. మీ దగ్గరికి నడిచొచ్చే పార్టీ ఎవరూ ఉండరు. ఇంట్లో ఒక గది చాలు. ఎండ నేరుగా పడని గది, గోడకు లేత బూడిద రంగు, స్క్రీన్ మీద మెరుపు పడకుండా లైటు. ఆ అద్దె డబ్బుని మానిటర్ మీద పెట్టండి. ఎస్ఆర్‌జీబీ (నెట్‌కీ, ల్యాబ్‌కీ వాడే మామూలు రంగుల పరిధి) పూర్తిగా చూపించే ఐపీఎస్ మానిటర్, దాంతోపాటు స్క్రీన్ రంగుల్ని కొలిచి సరిచేసే కాలిబ్రేటర్ ఒకటి. వెలుతురు 100 నుంచి 120 క్యాండెలాల మధ్య, వైట్ పాయింట్ డీ65, గామా 2.2కి కట్టి, నెలకోసారి మళ్లీ కొలవండి. కొత్త మానిటర్లు పెట్టెలోంచి తీసేసరికి బాగా ప్రకాశవంతంగా ఉంటాయి. దాని మీద చేసిన ఫొటో మీకు బాగుంటుంది, ల్యాబ్ నుంచి ప్రింటు నల్లగా వస్తుంది. అందరూ ల్యాబ్‌ని తిడతారు. మెషిన్‌కి 32 జీబీ ర్యామ్, నడుస్తున్న పనులకు ఒక టీబీ ఎన్వీఎంఈ (వేగంగా నడిచే డిస్కు), నాయిస్ తీసే ఏఐ పనికి 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉంటే నడిచిపోతుంది. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీలో అన్నీ ఒకే చోట దొరుకుతాయి. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే ఒప్పుకోకండి, హార్డ్ డిస్కు వారంటీ ఆ బిల్లు మీదే ఉంటుంది. యూపీఎస్ పది నిమిషాలు కరెంటు నిలిపితే చాలు, సేవ్ చేసి మెషిన్ ఆపుకోవడానికే అది. మూడు లక్షల్లో కనీసం లక్ష ముట్టుకోకుండా ఉంచండి, మొదటి ఆషాఢానికి అక్కరకొస్తుంది.

సాఫ్ట్‌వేర్ క్రాక్ వద్దు. నీతి సంగతి పక్కన పెట్టినా, క్రాక్‌తో వచ్చే వైరస్ మీ మెషిన్‌లోని నలుగురు ఫొటోగ్రాఫర్ల పెళ్లిళ్లకి ఒకేసారి తాళం వేసేస్తుంది. అడోబీ సబ్‌స్క్రిప్షన్ ఒకటి తీసుకుంటే రెండు మెషిన్లలో లాగిన్ అవ్వచ్చు గానీ అది ఒక్క మనిషికే. అసిస్టెంట్‌ని పెట్టుకున్న రోజున రెండోది కొనాలి.

డేటా ఎలా తెచ్చుకోవాలన్నది మీరు చేసేది సెలెక్షనా, కలర్ ఒక్కటేనా అన్నదాన్ని బట్టి మారుతుంది. కలర్ ఒక్కటే అయితే రా ఫైల్స్ కదలాల్సిన పనే లేదు. ఫొటోగ్రాఫర్ తన లైట్‌రూమ్ క్లాసిక్‌లో (అడోబీ వాళ్ల ఫొటో సాఫ్ట్‌వేర్) ఫొటోలు ఎక్కించి, సెలెక్షన్ చేసి, ఆ వెయ్యింటినీ ‘ఎక్స్‌పోర్ట్ యాజ్ క్యాటలాగ్’ చేస్తాడు. క్యాటలాగ్ అంటే ఏ ఫొటోకి ఏ మార్పులు చేశారో రాసుకునే ఫైల్. అక్కడ స్మార్ట్ ప్రివ్యూలకు టిక్ పెట్టాలి, నెగటివ్ ఫైల్స్‌కి, అంటే అసలు రా ఫైల్స్‌కి, టిక్ తీసేయాలి. స్మార్ట్ ప్రివ్యూ అంటే పొడుగు వైపు 2560 పిక్సెళ్లకు కుదించిన డీఎన్‌జీ, అంటే రా లాంటి చిన్న ఫైల్. 30 ఎంబీ రా ఫైల్ ఒకటి రెండు ఎంబీల్లో సర్దుకుంటుంది. 100 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్న నెట్ మీద 150 జీబీ రా పంపడానికి అంతా సవ్యంగా ఉన్నా మూడు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. వెయ్యి స్మార్ట్ ప్రివ్యూలు మూడు నిమిషాల్లోపే వెళ్లిపోతాయి. మీరు కలర్ చేసి క్యాటలాగ్ ఫైల్ ఒక్కటే వెనక్కి పంపుతారు. అతను ‘ఇంపోర్ట్ ఫ్రమ్ అనదర్ క్యాటలాగ్’ తెరిచి, ఇదివరకే ఉన్న ఫొటోలకు మెటాడేటా, డెవలప్ సెట్టింగులు మాత్రమే మార్చమంటే మీ పని అతని రా ఫైల్స్ మీద కూర్చుంటుంది.

ఇది చెడేది ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి, మధ్యలో ఆ ఫొటోగ్రాఫర్ ఫైళ్ల పేర్లు మార్చడమో ఫోల్డర్ జరపడమో చేస్తాడు, సెట్టింగులు ఎవరి మీద కూర్చోవాలో తెలియక గందరగోళమవుతుంది. అందుకే పేర్లు మార్చడం ఎక్కించేటప్పుడే అయిపోవాలి. కెమెరా ఏ, కెమెరా బీ అని ముందొక అక్షరం తగిలించకపోతే రెండు కెమెరాల్లోనూ 0457 ఉంటుంది, ఒకదాని మీద ఇంకోటి పడి ఒకటి మాయమవుతుంది. రెండోది వెర్షన్. మీరు కొత్త వెర్షన్‌కి ఎక్కి అతను పాతదాంట్లో ఉంటే, మీరు పంపిన క్యాటలాగ్ అతని దగ్గర తెరుచుకోదు. సీజన్ మధ్యలో పెద్ద అప్‌డేట్ నొక్కకండి.

సెలెక్షన్ మీదైతే స్మార్ట్ ప్రివ్యూ పనికిరాదు. ఫోకస్ కంటి రెప్ప మీద ఉందా, చెవి మీద ఉందా అన్నది 2560 పిక్సెళ్లలో నమ్మకంగా చెప్పలేం. ఏఐ డీనాయిస్‌కి కూడా అసలు రా కావాలి. అప్పుడు హార్డ్ డిస్కే దారి. ఇక్కడ ఒక్కటే గట్టిగా పట్టుకోండి: మెమరీ కార్డులు తీసుకోవద్దు. ‘అన్నా, కార్డులు నీ దగ్గరే కాపీ చేసుకో, రేపు ఇంకో పెళ్లుంది’ అని రాత్రి పదకొండుకు తలుపు తడతారు. మీ చేతిలో ఉన్నది ఎప్పుడూ రెండో కాపీ అయి ఉండాలి. ఒక్కటే కాపీ మీ దగ్గరుండి డిస్కు పోయిందంటే ఆ కుటుంబానికి మళ్లీ పెళ్లి చేయలేరు. మ్యాక్, విండోస్ రెండూ ఉన్నచోట డిస్కుని ఎక్స్‌ఫ్యాట్‌లో పెట్టించండి, ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కుని మ్యాక్ చదువుతుందే గానీ రాయదు. కాకపోతే ఎక్స్‌ఫ్యాట్ డిస్కుని ఎజెక్ట్ చేయకుండా లాగేస్తే ఫోల్డర్లు చెడే ప్రమాదం ఎక్కువ. కాపీకి టెరాకాపీ లాంటి సాఫ్ట్‌వేర్ వాడి, కాపీ సరిగ్గా పడిందో లేదో చూసే వెరిఫై ఆన్ చేయండి. ఎన్ని ఫైళ్లు, ఎన్ని జీబీ అన్నది వచ్చిన రోజే రాసి ఫొటోగ్రాఫర్‌కి మెసేజ్ పెట్టండి. ‘5,984 ఫైళ్లు, 171 జీబీ అందాయి’ అన్న ఒక్క వాక్యం, నెల తర్వాత ‘మా సంగీత్ ఫొటోలేవి’ అని ఫోన్ వచ్చినప్పుడు మిమ్మల్ని కాపాడుతుంది. ఫైనల్ ఇచ్చాక 30 రోజులకు డేటా తీసేస్తామని ముందే చెప్పి, తీసేసే రోజున మళ్లీ చెప్పి తీసేయండి.

సెలెక్షన్‌లో పొరపాటు ఫోకస్ దగ్గర కన్నా తంతు తెలియక జరిగేదే ఎక్కువ. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం ఒక్కసారే వస్తుంది, పెళ్లికూతురి కళ్లు సగం మూసుకున్నా ఆ ఫొటో ఉండాల్సిందే. గంపలో తెచ్చే మేనమామ, అడ్డుతెర, మొదటి ముడి, అప్పగింతల్లో తండ్రి, వీటిలో వరసగా తీసిన వాటిలో మంచిది ఏరాలే తప్ప అన్నీ తీసేయకూడదు. ఏఐ సెలెక్షన్ సాఫ్ట్‌వేర్లు ఇక్కడే తప్పుతాయి, వాటికి మూసిన కన్ను కనిపిస్తుంది గానీ ముహూర్తం కనిపించదు. తలంబ్రాల్లో బియ్యం మొహం మీద పడేటప్పుడు కళ్లు మూయని వాళ్లెవరు? ఆ టూల్‌తో మొదటి వడపోత చేయించుకోండి, తీసేసిన వాటిని ఒకసారి మీరూ తిరగేయండి. రెండు వైపులా ముఖ్యమైన పదిమంది మొహాలు ఫొటోగ్రాఫర్‌ని ముందే చూపించమనండి. నిఖా, వలీమా పనులొస్తే తంతుల వరస అడిగి రాసుకోండి. ఆడవాళ్ల హాలు ఫొటోలు వేరే ఫోల్డర్‌లో ఉంచి, ఎవరు చూడొచ్చో ముందే మాట్లాడుకోండి. హైదరాబాద్‌లో ఈ విషయంలో ఒక్కసారి మాట జారితే ఇంకో పని రాదు.

ఇక కలర్. మీకు వచ్చిన పనే కదా అనుకోకండి. స్టూడియోలో మీరు ఒకే యజమాని ఇష్టానికి చేశారు. ఇప్పుడు ఇద్దరు ఫొటోగ్రాఫర్లకు రెండు చేతులు కావాలి. ఒకరికి నల్లని నీడలు, ఇంకొకరికి తేలిక రంగులు. వాళ్లు గతంలో తామే చేసి ఇచ్చిన రెండు మూడు పెళ్లిళ్ల క్యాటలాగ్‌లు అడగండి. జేపెగ్‌లు చాలవు. క్యాటలాగ్‌లో స్లైడర్లు కనిపిస్తాయి, నీడలు ఎంత ఎత్తాడు, ఆరెంజ్‌ని ఎంత దించాడు అన్నది అంకెల్లో దొరుకుతుంది. దాన్నుంచి ఒక్కో ఫొటోగ్రాఫర్‌కి, ఒక్కో కెమెరా మోడల్‌కి ఒక ప్రీసెట్ (ఒక్క నొక్కుతో పడే సెట్టింగుల కట్ట) కట్టుకోండి. సోనీకి కట్టింది క్యానన్ మీద వేస్తే చర్మం రంగు తేడా కొడుతుంది. పని మొదలుపెట్టేముందు కెమెరాల టైమ్ కలపండి. రెండు కెమెరాల్లోనూ ఒకే క్షణం పడిన ఫొటో పట్టుకుని ‘ఎడిట్ క్యాప్చర్ టైమ్’తో ఒకదాన్ని జరిపితే పెళ్లంతా వరసలోకి వస్తుంది. పెళ్లికి ముందు సెకన్లు కనిపించే ఫోన్ గడియారాన్ని అన్ని కెమెరాలతోనూ ఒక ఫొటో తీయమనండి, మీకు అరగంట మిగులుతుంది.

ఒక్క ఫ్రేమ్ దగ్గరగా చూద్దాం. రాత్రి ముహూర్తం. మండపం పైన పసుపు హ్యాలొజెన్, పక్కన డెకరేషన్ వాళ్ల ఊదా ఎల్ఈడీ, ముందు నుంచి ఫొటోగ్రాఫర్ ఫ్లాష్. వైట్ బ్యాలెన్స్ డ్రాపర్ పట్టుకుని తెల్లగా ఉన్నదాని కోసం వెతుకుతారు, మధుపర్కాలు కనిపిస్తాయి. నొక్కగానే పెళ్లికొడుకు మొహం నీలిగా పాలిపోతుంది. ఎందుకంటే మధుపర్కాలు తెలుపు కావు, గంధం రంగు, పైగా పసుపు తగిలి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఆ పసుపంతా లైటుదే అనుకుని నీలం కలుపుతుంది. సరే అని వెనక నిలబడ్డ మావయ్య తెల్ల చొక్కా మీద నొక్కితే ఫొటో పసుపుబారుతుంది. బట్టల సబ్బుల్లోని మెరుపు రసాయనం ఫ్లాష్‌లోని అతినీలలోహిత కాంతికి నీలిగా వెలుగుతుంది, దాన్ని సరిచేయబోయి సాఫ్ట్‌వేర్ వేడి రంగు కలుపుతుంది. లైటు మారిన ప్రతిచోటా ఒక గ్రే కార్డు ఫొటో తీయమని ఫొటోగ్రాఫర్‌ని ఒప్పించడం దీనికి మందు. అది లేనిచోట చర్మాన్నే చూడండి. హిస్టోగ్రామ్ (ఫొటోలోని వెలుగుల గ్రాఫ్) కింద అంకెల్లో మన చర్మానికి రెడ్ ఎక్కువ, గ్రీన్ మధ్యలో, బ్లూ అన్నిటికన్నా తక్కువ ఉండాలి. బ్లూ వచ్చి గ్రీన్‌ని తాకుతోందంటే ఊదా లైటు చర్మం మీద కూర్చుంది. అది మొత్తం ఫొటో మీద తీయకండి, మనిషి మీద మాస్క్ వేసి అక్కడే తగ్గించండి. వెనక డెకరేషన్ ఊదాగానే ఉండనివ్వండి, వాళ్లు దానికి డబ్బు కట్టారు.

అదే ఫ్రేమ్‌లో పెళ్లికూతురి ఎర్ర కంచిపట్టు చూడండి. ఎక్స్‌పోజర్ సరిగ్గానే ఉంటుంది, జరీ మాత్రం కరిగిపోయినట్టుంటుంది. లైట్‌రూమ్ లోపల పెద్ద రంగుల పరిధిలో పనిచేస్తుంది, ఎస్ఆర్‌జీబీలోకి దించేసరికి రెడ్ 255 దగ్గర గోడకు తగిలి నేత గీతలన్నీ ఒకే ముద్ద అవుతాయి. డెవలప్‌లో ఎస్ నొక్కి సాఫ్ట్ ప్రూఫ్ (బయటికెళ్లాక రంగులెలా ఉంటాయో స్క్రీన్ మీదే చూపించేది) పెట్టి చూస్తే ముందే తెలిసిపోతుంది. చీర మీద మాస్క్ వేసి శాచురేషన్ దించితే నేత తిరిగొస్తుంది. పసుపు ఫంక్షన్‌లో మొహాల మీది పసుపుదీ ఇదే కథ. దాన్ని తీసేయొద్దు, అలాగని మెడ, చెవులు కూడా పసుపుపచ్చగా కనిపించకూడదు. చర్మం తెల్లబరచమని అడిగే పార్టీలుంటారు. చెల్లెలి పక్కన అక్క ఒక్కతే తెల్లగా తేలితే గ్రూప్ ఫొటో అతుకులబొంతలా ఉంటుందని చెప్పి, ఎంతవరకో ఫొటోగ్రాఫర్‌తోనే తేల్చుకోండి. ఎల్ఈడీ గోడ ముందు తీసిన వాటిలో పడే అడ్డ చారలు మాత్రం మీ చేతిలో లేనివి. ఎక్కువగా కెమెరాలో సైలెంట్ షట్టర్ వాడినందుకు వచ్చినవవి. శుభ్రం చేస్తానని మాటివ్వకండి, మెకానికల్ షట్టర్ పెట్టి, మామూలు లైట్ల కింద 1/50, 1/100 దగ్గర తీయమని చెప్పండి.

ఆల్బమ్ పని మీకు తెలిసిందే. 12×36 షీటు 300 డీపీఐలో 10,800×3,600 పిక్సెళ్లు, మడత మీద మొహం పడకూడదు, ల్యాబ్‌కి ఎస్ఆర్‌జీబీ జేపెగ్. అడోబీ ఆర్‌జీబీలో వెళ్తే రంగులు చచ్చి వస్తాయి.

కరెక్షన్ల భయం నిజమే, కానీ అంతు మీరు పెట్టకపోతేనే అంతుండదు. రెండు విడతలు రేటులోనే, మూడో విడత నుంచి గంట లెక్క అని మొదటే రాసివ్వండి. కరెక్షన్లు ఫైల్ నంబర్లతో, ఒకే జాబితాగా, ఫొటోగ్రాఫర్ నుంచే రావాలి. పార్టీ నేరుగా మీకు ఫోన్ చేయకూడదు. స్క్రీన్‌షాట్ మీద వేలితో సున్నా చుట్టి పంపితే వెయ్యి ఫొటోల్లో అదెక్కడుందో వెతకడానికే అరగంట. కలర్ సరిచేయడం కరెక్షన్. కళ్లు మూసిన బాబాయికి ఇంకో ఫొటోలోంచి తల తెచ్చి పెట్టడం కరెక్షన్ కాదు, కొత్త పని. ‘అంతా పసుపుపచ్చగా ఉంది’ అన్న ఫిర్యాదు వస్తే ముందు ఆ ఫోన్‌లో రాత్రిపూట కంటికి హాయిగా ఉండే ఫిల్టర్ ఆన్‌లో ఉందేమో చూడమనండి. చాలాసార్లు కరెక్షన్ అక్కడే అయిపోతుంది.

డబ్బు ఆగేది ఎక్కడంటే, ఆల్బమ్ చేతికొచ్చాకే పార్టీ ఫొటోగ్రాఫర్‌కి మిగతా డబ్బు ఇస్తుంది, అతను దాన్నుంచి మీకివ్వాలనుకుంటాడు. ఆల్బమ్ ఫొటోలు ఎంచుకోవడానికి కుటుంబాలు ఆరు నెలలు తీసుకుంటాయి. మీ బిల్లుని ఆల్బమ్‌తో ముడిపెట్టకండి. కలర్ ఇచ్చిన రోజే బిల్లు, సగం ముందే. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, చేయించుకోండి. చిన్న సంస్థకి రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల్లోపు, లేకపోతే 15 రోజుల్లోపు డబ్బివ్వాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. కోర్టుకెళ్లమని కాదు, బిల్లు కింద ఆ లైను ఉంటే ఫోన్ ఎత్తుతారు. ఏడాదికి సర్వీసు ఆదాయం 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

మీ పని చూపించుకోవడానికి ‘ముందు–తర్వాత’ ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెడదామనుకుంటున్నారేమో, ఆగండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్న వాళ్లే. ఫొటోగ్రాఫర్ ఒక్కడు సరేనంటే చాలదు, కుటుంబం కూడా ఒప్పుకోవాలి.

ఉగాదికి పంచాంగం చేతికి రాగానే ముహూర్తాల తేదీలు క్యాలెండర్ మీద ఎక్కించి, ఏ వారంలో ఎన్ని పెళ్లిళ్లు పట్టగలరో గీసుకోండి. మీరొక్కరే అయితే ఒక పెళ్లికి రోజున్నర. మాఘంలో ఒకే వారాంతంలో ఇద్దరూ రెండేసి పెళ్లిళ్లు తెస్తే ఆరు రోజుల పని. ఆ వారం డెలివరీ పది రోజులని అప్పుడే చెప్పాలి, తర్వాత కాదు. ఖాళీ నెలలకు ఆన్‌లైన్ అమ్మకందార్ల వస్తువుల ఫొటోలు పట్టుకోండి. అమెజాన్ మొదటి ఫొటోకి వెనక పూర్తి తెలుపు, అంటే 255,255,255, వస్తువు ఫ్రేమ్‌లో 85 శాతం నిండాలి. కొలతలు స్పష్టంగా ఉన్న పని, కరెక్షన్ల గొడవ తక్కువ.

చివరిగా ఆ వాట్సాప్ శాంపిల్. వాటి మీద చేయకండి. వాట్సాప్ కుదించిన జేపెగ్‌లో ఊదా లైటు తీయబోతే చర్మం మీద మచ్చలు తేలతాయి, మీ చేతకానితనంలా కనిపిస్తుంది. ఒకే పెళ్లి నుంచి ముప్పై రా ఫైల్స్ అడగండి, పది మండపం, పది పగటి వెలుతురు, పది రిసెప్షన్. అదే పెళ్లిలో అతను స్వయంగా పూర్తి చేసిన ఐదు ఫొటోలు కూడా క్యాటలాగ్‌తో సహా తెప్పించుకోండి. ముప్పై చేయడానికి పట్టిన నిమిషాలు రాసుకోండి, అతనితో రేటు మాట్లాడే రోజున ఆ కాగితం ముందుపెట్టుకుని కూర్చోండి.